మేడమీదివారు, మెట్లక్రిందివారు

ఒక పెద్ద భవనం. ఇంకా తెల్లవారలేదు. పై అంతస్తులో దొరలు నిద్రపోతున్నారు. క్రింద వంటింటిలో పనిచేసే చిన్నపిల్ల లేచి, బొగ్గు బకెట్టు చేతపట్టుకొని, గదిగదికి పోయి చలిమంటలు రాజేస్తున్నది. మరొకచోట ఒక కుర్రవాడు ఆనాటి వార్తాపత్రికను ఇస్త్రీ చేస్తున్నాడు. పత్రికకు ఇస్త్రీ ఏమిటని మనకు ఆశ్చర్యం కలుగుతుంది. సిరా తడి ఆరకపోతే దొరగారి చేతులకు నలుపు అంటుతుందట! ఆ పత్రికలోనే టైటానిక్ ఓడ మునిగిన వార్త ఉన్నది. ఆ ఓడతోపాటు ఈ భవనానికి వారసులు కావలసినవారుకూడ మునిగిపోయినారు.

'డౌన్టన్ ఆబీ' అనే ఆంగ్ల టెలివిజన్ నాటకంలో కథ ఈ విధంగా 1912 ఏప్రిల్ నెలలో ఆరంభమవుతుంది. జూలియన్ ఫెలోస్ రచించిన ఈ నాటకం 2010లో మొదలై 2015 వరకు ఆరు విడతలుగా ప్రసారమైనది. తరువాత 2019, 2022, 2025 సంవత్సరాలలో అదే కథను పొడిగించి మూడు చలనచిత్రాలు తీసినారు. ఇంగ్లండు ప్రభువంశాలతో ఏ సంబంధమూ లేని దేశాలలోకూడ ప్రజలు దీనిని ఆదరించినారు. మన ఇండ్లలోను దీనిని వరుసగా చూచి, ఆ బట్లరును గురించి, ఆ ముసలి దొరసాని మాటల పదునును గురించి ముచ్చటించుకొన్నవారు చాలమంది ఉన్నారు.

ఇటువంటి నాటకాలలో ఏమున్నదని మనం వీటిని ఇంత ఇష్టంగా చూస్తాము? దుస్తులు, వెండిసామాను, దీపాల వెలుగులో పరచిన భోజనపు బల్ల, ఇవన్నీ కంటికి విందు అన్నమాట నిజమే. కాని కంటివిందు మాత్రమే అయితే గంటసేపటికి విసుగు పుట్టుతుంది. అసలు ఆకర్షణ వేరే ఉన్నది. ఆ ఇల్లు ఒక చిన్న రాజ్యం. అందులో ప్రతి మనిషికి ఒక పని, ఒక పేరు, బల్లదగ్గర ఒక స్థానం ఉన్నవి. ఎవరు ఎవరికంటె ముందు నడవవలెనో, ఎవరు వస్తే ఎవరు లేచి నిలబడవలెనో అక్కడ అందరికి తెలుసును. ఇన్ని నియమాలున్నచోట వాటిని దాటే మనిషి ఒకరు ఉండక తప్పదు. దాటిన క్షణాన కథ పుట్టుతుంది. అంతేకాక, జరిగిన ప్రతి సంగతిని మనం రెండుసార్లు వింటాము. ఒకసారి మేడమీద జరిగినట్లుగా, మరొకసారి మెట్లక్రింద చెప్పుకొన్నట్లుగా.

ఈ ఆనందంలో తప్పేమీ లేదు. కాని చరిత్ర చదువుకొన్నవారు ఒక ప్రశ్న వేయక మానరు. ఒకే ఇంటికి ఆ రెండు మెట్లవరుసలు ఎప్పుడు వచ్చినవి? ఎందుకు వచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే నాటకం చూచే సరదా తగ్గదు. పైగా తెరమీద మనం గమనించక వదలిపెట్టిన మనుషులు కొందరు కంటికి ఆనుతారు.

మధ్యయుగపు ఇంగ్లండులో ప్రభువు ఇంటికి నడిబొడ్డు పెద్ద చావడి. ప్రభువు ఒక చివర ఎత్తైన అరుగుమీద కూర్చుండేవాడు. అతని పరిజనం అంతా అదే కప్పుక్రింద, అదే వేళకు భోజనం చేసేది. పరిజనంలో నిరుపేదలే కాదు, పేరుగల కుటుంబాల పిల్లలుకూడ ఉండేవారు. ఒక గొప్ప ఇంట కొలువు చేసి మర్యాదలు నేర్చుకొనుట ఆ కాలంలో చిన్నతనం కాదు. ఎక్కువ తక్కువలు అప్పుడూ ఉన్నవి. ఐతే అవి అందరి కళ్ళయెదుట ఉన్నవి. వెంట ఎంతమంది మనుషులు నడిస్తే అంత గొప్ప. కనుక సేవకుడు కనబడుటే ప్రభువుకు కావలసినది.

కాలక్రమాన ప్రభువులు చావడి విడిచి ప్రత్యేకమైన గదులలో భోజనం చేయసాగినారు. పదిహేడవ శతాబ్దిలో సర్ రోజర్ ప్రాట్ అనే శిల్పి కోల్స్‌హిల్ అనేచోట ఒక భవనం నిర్మించినాడు. పరిజనం భోజనానికి ప్రత్యేకంగా ఒక గది, వారి రాకపోకలకు వెనుకగా వేరే మెట్లు అందులో ఏర్పరచినాడు. ఉద్దేశం దాపరికం లేనిది. ఉదయం పడకగదులలోని మూత్రపాత్రలు, మాసిన గుడ్డలు, బూడిద దిగివచ్చే దారిలో దొరలు ఎదురుపడకూడదు. ఆ భవనం 1952లో కాలిపోయినది. తరువాత శిథిలాలనుకూడ తీసివేసినారు. కాని ఆ వెనుకమెట్లు మాత్రం మూడు శతాబ్దాలపాటు ఇంగ్లండులోని ప్రతి గొప్ప ఇంటికి పాకినవి.

పద్దెనిమిదవ శతాబ్దిలో గంటలు వచ్చినవి. గోడలలోనుండి తీగలు సాగదీసి, మేడమీద తాడు లాగితే క్రింద గంట మ్రోగేటట్లు ఏర్పాటు చేసినారు. అంతవరకు పిలిస్తే పలికే దూరంలో ఒక మనిషి తలుపుదగ్గర నిలబడి ఉండవలసివచ్చేది. గంట వచ్చినతరువాత ఆ మనిషి ఎంతదూరంలో ఉన్నా సరిపోయినది. ఈ నాటకాలలో వరుసగా గంటలు వ్రేలాడే పలక ఒకటి తరచుగా కనిపిస్తుంది. ఏ గంట మ్రోగితే ఏ గదినుండి పిలుపు వచ్చినదో తెలుస్తుంది. పిలిచేవారి గొంతు క్రిందికి వినబడదు. పనిచేసేవారి చప్పుడు మీదికి వినబడకూడదు. వినికిడిని నమ్ముకొని బ్రతికే మా రేడియోవారికి ఆ ఇంటి కథ అంతా ఆ గంటలలోనే ఉన్నదనిపిస్తుంది.

1864లో రాబర్ట్ కెర్ అనే శిల్పి పెద్దమనుషుల ఇండ్ల నిర్మాణాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. కుటుంబం ఒక సమాజమనీ, పరిజనం మరొక సమాజమనీ, వారి నడుమ తలుపు మూసివేస్తే ఒకరి సంగతి మరొకరికి తెలియకూడదనీ అతని సిద్ధాంతం. చప్పుళ్ళు, వంటవాసనలు ఇటు రాకుండ ఆ తలుపుకు ఆకుపచ్చని మందపు ఉన్నిగుడ్డ కొట్టేవారు. ఇంగ్లండు చరిత్రలో ఆ ఆకుపచ్చ తలుపు ఒక సరిహద్దు అయినది. 1971లో ఈ తరహా నాటకాలన్నిటికి దారితీసిన 'అప్‌స్టెర్స్, డౌన్‌స్టెర్స్' అనే నాటకానికి మొదట అనుకొన్న పేరుకూడ ఆ తలుపు పేరే.

ఇక ఆ తలుపుకు అవతల జరిగే పని ఎటువంటిది? పడకగదులకు కుళాయిలు లేనికాలం. స్నానానికి వేడినీళ్ళు క్రిందనుండి మోయవలె. వాడిన నీళ్ళు మరల క్రిందికి మోయవలె. గదిగదికి నిప్పు కావలె. నిప్పుకు బొగ్గు మోయవలె. బొగ్గు కాలితే బూడిద ఎత్తవలె, పొగచూరిన పళ్ళాలు, తెరలు తుడవవలె. దీపాలు తుడిచి, వత్తులు కత్తిరించి, నూనె పోయవలె. ఇదంతా దొరలు లేవకముందు సగం, వారు భోజనానికి వెళ్ళినప్పుడు సగం ముగియవలె. పనిపిల్ల నడవలో దొరసానికి ఎదురుపడకుండ ప్రక్కకు తప్పుకొనవలెనన్న నియమంగల ఇండ్లు ఉన్నవి. పనివాని పేరుకూడ అతనిది కాదు. కొన్ని ఇండ్లలో ఆ ఉద్యోగానికి ఎవరు వచ్చినా జాన్ అనో జేమ్స్ అనో పిలిచేవారు. పనిపిల్ల పేరు మరీ సొగసుగా ఉంటే దానిని మార్చి మేరీ అనేవారు.

మెట్లక్రిందకూడ మరొక మేడ, మరికొన్ని మెట్లు ఉన్నవి. బట్లరు, ఇల్లంతా కనిపెట్టుకొని ఉండే హౌస్‌కీపరు, వంటామె, దొరగారి స్వంత నౌకరు, దొరసాని స్వంత పరిచారిక, వీరు పైశ్రేణివారు. వీరు భోజనం చివర లేచి హౌస్‌కీపరు గదికి పోయి మిఠాయి అక్కడ తినేవారు. అంట్లుతోమే పిల్ల అందరికంటె చివర. మగ సేవకుడు ఇంటికి అలంకారం. పొడుగైన మనిషి కావలె, జరీ దుస్తులు వేయవలె, తలకు పొడి అద్దవలె. అమెరికాతో జరిగిన యుద్ధపు ఖర్చుకోసం 1777లో ప్రధాని లార్డ్ నార్త్ ప్రతి మగ సేవకునిమీద ఏటా ఒక గినీ పన్ను వేసినాడు. ఆ పన్ను ఏదో ఒక రూపంలో 1937 వరకు నిలిచినది. 1795లో తలకు అద్దే పొడిమీదకూడ పన్ను పడినది. గుఱ్ఱపుబండివలె, వెండిపళ్ళెంవలె మనిషికూడ విలాసవస్తువుల పట్టికలో చేరినాడన్నమాట. ఆడ సేవకులమీద 1785లో వేసిన పన్ను ఏడేండ్లకే రద్దయినది. వారు విలాసం కాదు, అవసరం.

నాటకాలు చెప్పకుండ వదలివేసే పెద్ద సంగతి ఇక్కడే ఉన్నది. 1911 జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సు దేశాలలో ఇంటిపనికి కుదిరిన స్త్రీలు సుమారు 13 లక్షలమంది. ఆడవారు చేసే ఉద్యోగాలన్నిటిలో అదే పెద్దది. ఈ 13 లక్షలమందిలో డౌన్టన్‌వంటి భవనాలలో, పొడుగాటి బల్లచుట్టు కూర్చుండి కబుర్లు చెప్పుకొంటూ టీ త్రాగినవారు కొద్దిమంది. ఎక్కువమంది ఒక వకీలు ఇంటనో, ఒక వర్తకుని ఇంటనో ఒంటరిగా, లేదా ఇంకొక్కరితో కలిసి పనిచేసినవారు. 1861లో ఇసబెల్లా బీటన్ అనే ఆమె గృహనిర్వహణపై ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో ఆదాయాన్నిబట్టి ఎవరు ఎందరిని పెట్టుకొనవలెనో పట్టికగా ఇచ్చినది. ఏడాదికి వెయ్యి పౌండ్లు వచ్చే ఇంటికి ఒక మగ సేవకునితో కలిపి ఐదుగురు. నూటయాభై, రెండువందల పౌండ్లు వచ్చే ఇంటికి అన్ని పనులు చేసే పిల్ల ఒక్కతె. బట్లరుకు జీతం ఏడాదికి 25 నుండి 50 పౌండ్లు. ఆ ఒంటరి పిల్లకు 9 నుండి 14 పౌండ్లు. ఈ గ్రంథం ప్రకటించేనాటికి బీటన్ వయస్సు పాతికేండ్లు. గృహిణుల పక్షాన వ్రాసినదైనా, ఒంటరిగా బ్రతికే ఈ పనిపిల్లను తలచుకొన్నచోట మాత్రం ఆమె జాలిపడకుండ ఉండలేకపోయినది.

అటువంటి పనిపిల్లలలో ఒకామె తన కథను తానే వ్రాసుకొన్నది. ఆమె పేరు హానా కల్విక్. 1833లో పుట్టినది. ఎనిమిదేండ్లకే పనిలో చేరినది. ఆర్థర్ మన్బీ అనే విద్యావంతుని కోరికమీద సంవత్సరాల తరబడి దినచర్య వ్రాసినది. ఎన్నింటికి లేచినది, ఎన్ని జతల బూట్లు తుడిచినది, ఏ మెట్లు మోకాళ్ళమీద కూర్చుండి కడిగినది, అన్నీ అందులో ఉన్నవి. 1873లో మన్బీ ఆమెను రహస్యంగా వివాహం చేసుకొన్నాడు. ఆ కాగితాలను ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు అప్పగించి, 1950 వరకు పెట్టెలు తెరువవద్దని షరతు పెట్టినాడు. ఒక పనిమనిషి చేతివ్రాత వెలుగు చూచుటకు అంతకాలం పట్టినది.

మరి ఇంత కష్టమైన కొలువుకు పిల్లలు ఎందుకు పోయినారు? పల్లెలో కూలివాని ఇంట పుట్టిన ఆడపిల్లకు పన్నెండు, పదమూడేండ్లు వస్తే ఇంట్లో ఒక కంచం తగ్గించుట ముఖ్యం. కొలువులో తిండి ఉన్నది, పైన కప్పు ఉన్నది, ఎంతో కొంత జీతం ఉన్నది. గొప్ప ఇంటిలో చేరితే పైకి వచ్చే అవకాశమూ ఉన్నది. ఈ లాభాలు నిజమైనవే. వాటికి ఇచ్చుకొన్న వెలకూడ నిజమైనదే. కొలువు విడిచిపెట్టేటప్పుడు యజమాని గుణపత్రం వ్రాసి ఇస్తేనే మరొకచోట చేర్చుకొనేవారు. అది ఇచ్చితీరవలెనన్న చట్టం లేదు. ఆ ఒక్క కాగితం రాకపోతే ఏ తప్పు చేయని పిల్లకుకూడ బ్రతుకుతెరువు పోయేది. నాటకంలో బట్లరు కనుబొమ్మ ముడివేస్తే ఒక పనిపిల్ల గడగడ వణికిపోతుంది. ఆ వణుకు వెనుక ఉన్నది ఈ కాగితమే.

యజమానులందరూ కఠినులని చెప్పుట న్యాయం కాదు. వేల్సులో రెక్సమ్ పట్టణం చెంత ఎర్డిగ్ అనే భవనం ఉన్నది. దాని యజమానులైన యార్క్ కుటుంబంవారు అరుదైన పని ఒకటి చేసినారు. 1790 ప్రాంతంలో మొదటి ఫిలిప్ యార్క్ తన పనివారి చిత్రాలను తైలవర్ణాలలో వ్రాయించి, ఒక్కొక్కరిపై పద్యాలు తానే కట్టి, వాటిక్రింద చేర్పించినాడు. ఇల్లు ఊడ్చే ముసలామె జేన్ ఎబ్రెల్, కమ్మరి, వడ్రంగి, వేటకాపరి, వంటింటి కూలి, ఒక్కొక్కరు తమ పనిముట్టుతో నిలబడి మనవైపు చూస్తారు. ఛాయాగ్రహణం వచ్చినతరువాత ఆ వంశీయులు అదే ఆచారాన్ని ఫొటోలతో కొనసాగించినారు.

ఐతే అదే ఇంటిలో మరొక కథకూడ నడిచినది. ఎల్లెన్ పెంకెత్ అనే ఆమె ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అక్కడ వంటపనీ, ఇంటిపెత్తనమూ కలిపి చూచేది. 1907లో సుమారు 500 పౌండ్లు అపహరించినదని దొరసాని ఆమెమీద నేరం మోపగా కోర్టులో విచారణ జరిగినది. జ్యూరీవారు ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పినారు. పనివారికి చిత్రపటాలు కట్టించిన ఇంటిలోనే ఒక పనిమనిషికి బోనెక్కి నిలబడవలసిన గతి పట్టినది. ఆ ఇంటివారి ఆదరం అబద్ధం కాదు. కాని దయ యజమాని చేతిలో ఉన్నంతవరకు అది ఎప్పుడైనా వెనుకకు తీసుకొనదగిన వస్తువే.

నాటకకర్త కల్పించినాడేమో అనిపించే కథలు చరిత్రలో లేకపోలేదు. ససెక్స్ ప్రాంతంలోని అప్పార్క్ భవనపు యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్హా డెబ్బదియేండ్లు దాటినతరువాత, 1825లో, తన పాడిశాలలో పనిచేసే మేరీ ఆన్ బులక్‌ను పెండ్లాడినాడు. అతని అనంతరం ఆస్తి ఆమెకు వచ్చినది. 1874లో ఆమె చనిపోగా చెల్లెలు ఫ్రాన్సెస్‌కు వచ్చినది. ఈ చెల్లెలి దగ్గర లోగడ పరిచారికగా ఉన్న సారా అనే ఆమె 1880లో అక్కడికే హౌస్‌కీపరుగా తిరిగివచ్చినది. ఆమె కొడుకే ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్. వంటింటినుండి భవనానికి నేలక్రింద సొరంగాలు ఉన్న ఆ ఇంటిలో, మెట్లక్రింద కూర్చుండి ఆ బాలుడు మేడమీది గ్రంథాలయపు పుస్తకాలు చదివినాడు. 1909లో వెలువడిన 'టోనో-బంగే' నవలలో ఆ భవనాన్నే వేరే పేరుతో వర్ణించినాడు. 1893లో సారా వెల్స్‌ను కొలువునుండి తొలగించినారు. తొలగించినది పాడిశాల పనిపిల్ల చెల్లెలే. మెట్లెక్కి మీదికి పోయిన మనిషి మెట్లను తీసివేయదు.

ఈ ఇండ్ల క్రిందిగదులలో ఇంగ్లీషువారు మాత్రమే లేరు. మన దేశంలో కొలువుచేసిన దొరలు స్వదేశానికి పోయేటప్పుడు పిల్లలను చూచుకొనుటకు ఇక్కడి ఆయాలను ఓడలమీద వెంట తీసుకొనిపోయేవారు. రేవు చేరినతరువాత అవసరం తీరిపోయి, తిరుగుప్రయాణానికి దారిలేక నిలిచిపోయిన ఆయాలు కొందరు ఉన్నారు. వారికోసం లండనులో ఒక ఆశ్రయగృహం నడిచినది. 1900లో అది హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్ రోడ్డుకు మారినది. 2022లో ఆ ఇంటికి స్మారకంగా నీలిరంగు ఫలకం అమర్చినారు. మేడమీది పిల్లలకు జోలపాడిన ఆ స్త్రీలలో చాలమంది పేర్లైనా మిగులలేదు. నాటకాలలో వారు కనిపించుట అరుదు.

డౌన్టన్ కథ 1912లో ఆరంభమైనదని చెప్పుకొన్నాము. ఆ ఏడు జులైలోనే జాతీయ బీమా చట్టం అమలులోకి వచ్చినది. జబ్బుచేసిన పనివారికి సహాయం అందేటట్లు యజమానురాండ్రుకూడ వారం వారం కొంత చెల్లించి, కార్డుమీద బిళ్ళలు అంటించవలెనని ఆ చట్టం చెప్పినది. దీనిని వ్యతిరేకించుటకు 1911 నవంబరులో లండనులోని ఆల్బర్ట్ హాలులో పెద్ద సభ జరిగినది. బిళ్ళలకు జిగురు తడిచేసే పని మాకేమిటని దొరసానులు ఆక్షేపించినారు. చలిమంటలు రాజేయుటకు తెల్లవారకముందే లేచే పిల్లల జబ్బుమాట ఆ ఆక్షేపణలో చిన్నదైపోయినది.

తరువాత కథ వేగంగా నడిచినది. 1914లో యుద్ధం వచ్చినది. మగపనివారు సైన్యంలోకి, ఆడపనివారు తుపాకిమందు కర్మాగారాలకు, ట్రాముబండ్లకు, ఆఫీసులకు పోయినారు. కర్మాగారంలో పనికి ఒక వేళ ఉన్నది. గంట కొట్టితే ఆ తరువాతి సమయం తమది. ఆ రుచి తెలిసినవారు మరల ఆకుపచ్చ తలుపు వెనుకకు పోవుటకు ఇష్టపడలేదు. 1918లో 30 ఏండ్లు నిండిన స్త్రీలకు వోటు వచ్చినా, ఇంటిమీదనో ఆస్తిమీదనో హక్కు ఉండవలెనన్న షరతు కారణంగా యజమాని ఇంట ఉండే పనిమనిషికి అది అందలేదు. ఆమె వోటు కోసం 1928 వరకు ఆగవలసివచ్చినది. మేడమీదివారికి వారసత్వపు పన్ను బరువైనది. 1894లో మొదలైన ఆ పన్ను 1919లో అతిపెద్ద ఆస్తులపై నూటికి 40 వరకు పెరిగినది. రెండవ యుద్ధం ముగిసేనాటికి ఇండ్లలో విద్యుత్తు, గ్యాసు వచ్చినవి. 1951 నాటికి ఇంట్లోనే నివసించే పనిమనిషి ఉన్న కుటుంబాలు నూటికి ఒకటి మాత్రమే. భవనాలు వందలకొద్ది కూలగొట్టబడినవి. 1974లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలవారు ఆ కూలిన భవనాలపై ఒక ప్రదర్శనమే ఏర్పాటు చేసినారు.

ఇల్లు కూలినతరువాత ఇంటి కథకు గిరాకి వచ్చినది. ఐతే ఆ కథను మొదట పట్టుకొన్నది ఎవరు? ఈ విషయం తలచుకొనదగినది. 1968లో మార్గరెట్ పవెల్ అనే ఆమె తాను పదిహేనేండ్ల వయస్సులో వంటింటి పనిపిల్లగా చేరిన నాటి సంగతులు పుస్తకంగా వ్రాసినది. కొన్నేండ్లకు జీన్ మార్ష్, ఐలీన్ ఆట్కిన్స్ అనే ఇద్దరు నటీమణులు 'అప్‌స్టెర్స్, డౌన్‌స్టెర్స్' ఊహను తెచ్చినారు. ఆట్కిన్స్ తండ్రి ఒకప్పుడు ఒక విదేశ రాయబారి ఇంట మోటారుబండి పనిలో రెండవవాడు. అంటే ఈ నాటకాలకు బీజం మేడమీదనుండి రాలేదు, మెట్లక్రిందనుండి వచ్చినది. 1975 వరకు 68 భాగాలుగా నడిచిన ఆ నాటకంలో జీన్ మార్ష్ తానే రోజ్ అనే పనిమనిషి వేషం వేసినది. చిట్టచివర అమ్ముడుపోయిన ఇంటిలో, ఖాళీ గదులలో నడిచివెళ్ళేది దొరలు కారు, ఆ రోజ్ ఒక్కతె.

ఇవన్నీ ఒక్క తీరు నాటకాలు కావు. 2001లో ఫెలోస్ రచనతో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన 'గాస్ఫర్డ్ పార్క్' చిత్రంలో ఒక నియమం పెట్టుకొన్నారు. సేవకుడు ఒకడైనా గదిలో లేనిదే మేడమీది దృశ్యం చూపరాదు. అందువల్ల దొరలు ఏమి మాట్లాడినా, దానిని వింటున్న ఒక ముఖం మనకు కనిపిస్తూనే ఉంటుంది. కజువో ఇషిగురో 1989లో వ్రాసిన 'ది రిమెయిన్స్ ఆఫ్ ది డే' నవలలోని బట్లరు యజమాని ఆజ్ఞను పాటించి, యూదులన్న ఒక్క కారణంచేత ఇద్దరు పనిపిల్లలను తొలగిస్తాడు. విశ్వాసం అనే గుణం మనిషిని ఎంతదూరం తీసుకొనిపోతుందో ఆ ఘట్టం చెప్తుంది. 1993లో దానిని చలనచిత్రంగా నిర్మించినవారిలో ఇస్మాయిల్ మర్చంట్ బొంబాయిలో పుట్టినవాడు. చిత్రానువాదం చేసిన రూత్ ప్రవర్ ఝాబ్వాలా చాలకాలం ఢిల్లీలో నివసించినది. యజమాని, నౌకరు అనే సంబంధపు లోతులు వారికి కొత్త కావు.

వీటితో పోల్చితే డౌన్టన్ మెత్తనిది. అక్కడి దొర తన వంటామె కంటిజబ్బుకు వైద్యం చేయిస్తాడు. బట్లరు మాటకు విలువ ఇస్తాడు. ఎవరి కష్టమైనా చివరకు ఒక మంచి మాటతో తీరుతుంది. అటువంటి దొరలు అసలే లేరని అనలేము. కాని ఆ నాటకం చూపినంత సులువుగా ఆ తలుపు తెరుచుకొనేది కాదు. చిత్రీకరణలోనే ఒక విశేషం ఉన్నది. మేడమీది దృశ్యాలను హైక్లేర్ అనే నిజమైన కోటలో తీసినారు. బ్రిటిషు పార్లమెంటు భవనాన్ని రూపొందించిన చార్లెస్ బారీయే పందొమ్మిదవ శతాబ్దిలో దానికి నేటి రూపం ఇచ్చినాడు. మెట్లక్రింది వంటిల్లు, పరిజనపు గదులు మాత్రం అక్కడ తీసినవి కావు. లండనులోని ఈలింగ్ స్టూడియోలో కర్రతోను, రంగుతోను కట్టినవి. వెండిపళ్ళెం పట్టుకొని మెట్లెక్కుతున్న నటుడు ఒక ఊరిలో మొదటి మెట్టు ఎక్కి, మరొక ఊరిలో చివరి మెట్టు దిగుతాడు. దొరల గదులు నిలిచినవి. పనివారి గదులను మనం ఊహించుకొని కట్టుకొనవలసివచ్చినది.

కనుక ఈ నాటకాలను చూడుట మానవలసిన పనిలేదు. హాయిగా చూడవచ్చును. ఆ దుస్తులను, ఆ మాటల చమత్కారాన్ని ఆనందించవచ్చును. చూచేటప్పుడు ఒక చిన్న అలవాటు చేసుకొంటే చాలు. భోజనపు బల్లచుట్టు సంభాషణ నడుస్తుంటే, మాట్లాడేవారి వెనుక గోడవద్ద నిలబడినవారిని ఒక్కసారి చూడవలె. పొయ్యిలో మంట కనిపిస్తే బొగ్గు ఎవరు మోసినారో తలచుకొనవలె. అప్పుడు నాటకం ఇంకా నిండుగా ఉంటుంది.

ఎర్డిగ్ భవనపు చివరి యజమాని మూడవ ఫిలిప్ యార్క్. క్రింద బొగ్గుగనులు త్రవ్వుటవల్ల నేల కుంగి, కప్పు కారుతున్న ఆ ఇంటిలో పరిజనం లేకుండ బ్రతికి, 1973లో దానిని నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించినాడు. ఆ సంస్థవారు భవనాన్ని బాగుచేయించి 1977లో ప్రజలకు తెరచినప్పుడు సందర్శకులను ముఖద్వారం గుండా పంపలేదు. వడ్రంగిశాల, గుఱ్ఱపుశాల, చాకిరేవు గది, రొట్టెలు కాల్చే గది, వంటిల్లు చూపించి, ఆ తరువాతనే మేడమీది గదులకు దారి ఏర్పాటు చేసినారు. జేన్ ఎబ్రెల్ పటం ఇప్పటికీ ఆ ఇంటిలోనే ఉన్నది.